ఆఖరి వరుస ఎక్కడ ఆగింది?



నీ మెసేజీ చూశాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పోగోప్లగ్ ఈ02 అనే బుల్లి కంప్యూటర్‌కి డెబియన్ పెన్‌డ్రైవ్ తగిలించావు, పవరిస్తే లైటు వెలుగుతోంది, రూటర్ లిస్టులో మాత్రం దాని జాడ లేదు. ఫ్లాష్ మొత్తం చెరిపేసి మొదటినుంచి ఎక్కించనా అని అడిగావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఫ్లాష్‌లో మొదటి 1 ఎంబీలోనే, పెట్టెను లేపే బూట్‌లోడర్ యూ-బూట్ ఉంటుంది. అది పోయిందంటే తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే. సీరియల్ దారిలో కేడబ్ల్యూబూట్ అనే టూల్‌తో మళ్లీ లేపొచ్చు గానీ, కొన్ని పాత చిప్పులు దానికీ లొంగవు.

నీకిప్పుడు కావలసింది 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ సీరియల్ కేబుల్. మానిటర్ లేని పెట్టె కదా, చెప్పాల్సిందంతా అక్కడే చెప్తుంది. మూత తీస్తే బోర్డు మీద సీరియల్ పిన్నులుంటాయి. మల్టీమీటర్‌తో ముందు గ్రౌండ్ పట్టుకో. సప్లై పిన్ను జోలికి అసలు పోకు. కేబుల్ టీఎక్స్ బోర్డు ఆర్ఎక్స్‌కి, ఆర్ఎక్స్ టీఎక్స్‌కి. పాత కంప్యూటర్ల వెనకుండే తొమ్మిది పిన్నుల పోర్టుకి నేరుగా కలిపావో, ఆ వోల్టేజీకి చిప్పు మాడుతుంది. మినీకామ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో వేగం 115200 పెట్టు, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే బోర్డు రాసేది నీకు కనిపిస్తుంది, నువ్వు కొట్టే కీలు మాత్రం అవతలికి చేరవు; బోర్డు పాడైందనుకుని జనం బెంబేలెత్తిపోయేది ఇక్కడే.

ఇప్పుడు పవరిచ్చి ఆఖరి వరుస చూడు.

యూ-బూట్ దగ్గరే "బ్యాడ్ మ్యాజిక్ నంబర్" అని ఆగితే, కెర్నెల్ దానికి అందలేదన్నమాట. చాలాసార్లు దోషం పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌దే. ఈమధ్య వచ్చే టూల్స్ ఎక్స్‌టీ4లో మెటాడేటా చెక్‌సమ్ లాంటివి వాటంతట అవే పెట్టేస్తాయి, పాత యూ-బూట్‌కి అవి చదవడం రాదు. చిన్న ఎక్స్‌టీ2 పార్టిషన్ చేసి కెర్నెల్ అందులో పెట్టు.

"బూటింగ్ ద కెర్నెల్" అని, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదా? అందరినీ ఏడిపించేది అదే. యూ-బూట్ కెర్నెల్‌కి అందించే బూట్‌ఆర్గ్స్‌లో కన్సోల్=టీటీవైఎస్0,115200 లేకపోతే కెర్నెల్ నడుస్తున్నా మనకు తెలీదు. అది ఉండి కూడా మాట్లాడకపోతే డివైస్ ట్రీని అనుమానించు. ఒకప్పుడు యూ-బూట్ ఇచ్చే మెషిన్ నంబరు చూసి కెర్నెల్ బోర్డును గుర్తుపట్టేది. నీ పెట్టెలాంటి మార్వెల్ కిర్క్‌వుడ్ బోర్డులకు ఇప్పుడు డివైస్ ట్రీ ఉండే డీటీబీ ఫైలు కావాలి, ఫ్యాక్టరీ యూ-బూట్‌కి ఆ సంగతే తెలీదు. అందుకే కెర్నెల్ తోకకి కిర్క్‌వుడ్-పోగో_ఈ02.డీటీబీని క్యాట్‌తో అతికించి, రెంటినీ కలిపి ఎంకేఇమేజ్‌తో చుట్టాలి. నిన్నటిదాకా నడిచిన పెట్టె కెర్నెల్ అప్‌గ్రేడ్ అయ్యాక లేవలేదంటే నేను ముందు చూసేది ఇదే.

కెర్నెల్ బోలెడు వరుసలు రాసి, చివర్లో రూట్ మౌంట్ కాలేదని పానిక్ అయితే సంతోషించు, సగం పైన పనైపోయింది. యూఎస్‌బీ డ్రైవ్ మేలుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతవరకూ కెర్నెల్ ఆగదు. బూట్‌ఆర్గ్స్‌లో రూట్‌డిలే=10 చేర్చు. రూట్‌ని లేబుల్ పేరుతో ఇచ్చావా? ఇనిట్‌ఆర్డీ లేకుండా అది పనిచెయ్యదు, పార్ట్‌యూయూఐడీ అయితే చేస్తుంది.

ఏది మార్చినా యూ-బూట్ కౌంట్‌డౌన్‌లో కీ నొక్కి ఆపి, సెట్‌ఎన్వ్‌తో మార్చి, బూట్ కొట్టు. పవర్ తీస్తే ఆ మార్పు దానంతటదే పోతుంది కాబట్టి భయం లేదు. ఒక్కసారైనా లాగిన్ ప్రాంప్ట్ కనిపించేదాకా సేవ్‌ఎన్వ్ కొట్టకు. అంతకన్నా ముందు ప్రింట్‌ఎన్వ్ కొట్టి, వచ్చిందంతా ఒక ఫైల్లో దాచుకో.

అప్పటికీ లేవకపోతే లాగ్ నాకు పంపు. తెర ఫొటో తీసి పంపకు, సగం వరుసలు పైకి జారిపోయి ఉంటాయి. మినీకామ్‌లో క్యాప్చర్ పెట్టి, పవరిచ్చిన క్షణం నుంచి మొత్తం టెక్స్ట్‌గా పంపు.

మీ బాబాయి