చిగుళ్ళ నెత్తురు, ఆస్పత్రి భయం

ప్ర: నాకు 15 ఏళ్ళు. బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. అందుకే అక్కడ తోమడం మానేసినాను. పోయినసారి ఆస్పత్రిలో ఏం చేస్తున్నారో చెప్పకుండానే నోట్లో మిషన్ పెట్టినారు. అమ్మ పక్కనే నిలబడి తిడుతూనే ఉండింది. మళ్ళీ పోవాలంటే భయం.
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జ: తల్లీ, నెత్తురు వచ్చేచోట తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. మామూలుగా చిగురు అంచున పాచి నిలిచిపోవడం వల్లే ఆ నెత్తురు. నీ వయసులో హార్మోన్ల మార్పుల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువ వాస్తాయి. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు 12 మందితో పళ్ళు తోమడం మాన్పించి చూశాడు. మూడు వారాల్లోపే అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెడితే దాదాపు వారంలో తగ్గిపోయాయి. నీకూ తగ్గుతుంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, రెండు పూటలా రెండేసి నిమిషాలు తోము. మొదట్లో నెత్తురు కనబడినా ఆపొద్దు. రెండు వారాలకూ తగ్గకపోతే, లేదా ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు వస్తుంటే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు.

ఈసారి కుర్చీలో కూర్చోగానే చెప్పు: “ఏం చేస్తారో ముందు చెప్పండి. నొప్పి పుడితే ఎడమచెయ్యి ఎత్తుతాను, ఆపండి.” ఇట్లా అడిగితే పెద్దలకు ఎదురుచెప్పినట్టు కాదు. నోరు నీది, నొప్పి నీది. మరీ జివ్వుమంటుంటే చిగుళ్ళకు మొద్దుబారే మందు పూయమని కూడా అడగొచ్చు.

ఈ ఉత్తరం మీ అమ్మకూ చూపించు. అమ్మా, చిన్నప్పటి నుంచి “సూది వేయిస్తా” అని బెదిరించి, ఇప్పుడు భయమెందుకంటే ఎట్లా? డాక్టరు ముందు తిట్లు తిన్న పిల్ల రేపు నెత్తురొచ్చినా మీకు చెప్పదు, దాచుకుంటుంది. వెంట పోండి, పక్కన కూర్చోండి, జవాబులు మాత్రం ఆ పిల్లనే చెప్పనివ్వండి. డాక్టర్లకూ నా మనవి ఇదే: పిల్లను అడగండి, పిల్లకే చెప్పండి.

ప్ర: మా అబ్బాయి పదో తరగతి. పళ్ళు క్లీనింగ్ చేయిస్తే వదులవుతాయంటున్నారు, నిజమేనా?
– ఒక తండ్రి, ఆదోని

జ: కావు. పళ్ళను వదులు చేసేది గార, దాన్ని తీసే క్లీనింగ్ కాదు.

ప్ర: మా ఊరి బోరు నీళ్ళకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడినాయి. బొగ్గుపొడితో తోమితే పోతాయా?
– ఇంటర్ విద్యార్థి, కర్నూలు జిల్లా

జ: పోవు నాయనా. అవి ఫ్లోరైడ్ మచ్చలైతే, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడినవి. బొగ్గుపొడి పంటి పైపొరను అరగదీస్తుంది, చిగురును గీరుతుంది. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు ఆ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరావు. నీ పళ్ళు చూపించుకోవడానికి కడప రిమ్స్ ప్రాంగణంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. సిగ్గుపడకుండా పో.