కెమెరాకును కంప్యూటరుకును వియ్యము: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది భీమవరం. పదేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాను. ఈమధ్య అప్పు చేసి కొత్త 4కె కెమెరా కొన్నాను. బొమ్మ అద్భుతంగా ఉంది. కాని ఎడిటింగుకు కూర్చుంటే, రెండు క్లిప్పులు పక్కపక్కన పెట్టేసరికే పాత కంప్యూటరు నత్తనడక నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరిపోతుందా?

జవాబు: మీ ఉత్తరములో కెమెరా పేరు, దాని వెల, లెన్సుల వివరము, చివరకు దానిని పెట్టుకొను సంచి సంగతి కూడ ఉన్నవి గాని, ఆ కెమెరా బొమ్మను ఏ రూపమున కార్డుపై వ్రాయుచున్నదో ఆ ఒక్కమాట లేదు, మీ కష్టమంతయు ఆ మాటలోనే ఉన్నది.

ఫుల్ హెచ్‌డి చిత్రము ఒక్కొక్కదానియందు అడ్డముగా 1920, నిలువుగా 1080 వంతున 20,73,600 బిందువులుండును. బిందువునకు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 25 చిత్రములను ఏమియు తగ్గింపక దాచదలచినచో గంటకు సుమారు 560 గిగాబైట్లు కావలసివచ్చును. అంత భారమును గోరంత కార్డు మోయజాలదు గనుక కెమెరా ఆ రాశిని కుదించి, సెకనుకు 50 మెగాబిట్లకు, అనగా గంటకు ఇరువదిరెండున్నర గిగాబైట్లకు దించును. ఆ కుదించు విధము వినదగినది. పూర్వము మన గ్రామకరణములు దస్త్రము వ్రాయునపుడు మొదటి వరుసలో ఊరు, పేరు, శిస్తు నిండుగా వ్రాసి, క్రింది వరుసలలో మారినదానిని మాత్రము వ్రాసి తక్కినచోట్ల ‘సదరు’, ‘సదరు’ అని సాగించెడివారు. హెచ్.264, హెచ్.265 అను పద్ధతులు చేయునదియు అదియే: ఒక చిత్రమును నిండుగా వ్రాసి, తరువాతి చిత్రములలో పెండ్లికూతురి చేయి కదలిన మేర మాత్రము క్రొత్తగా వ్రాసి, వెనుకనున్న పందిరినంతటిని ‘సదరు’ అనును. మొదటినుండి చివరివరకు వరుసగా చూచుకొని పోవువానికి దీనివలన చిక్కులేదు. కాని నడుమ ఒకచోట కోయవలెనన్నప్పుడు, కంప్యూటరు వెనుకకు పోయి ఆ నిండు వరుసను వెదకిపట్టి, అచటినుండి సదరులనన్నిటిని విప్పుకొనుచు రావలెను. 4కె అనగా బిందువులు నాలుగింతలు, 82,94,400. రెండు క్లిప్పులనిన పని రెట్టింపు. మీ యంత్రము నత్తనడక నడచుచున్నదనుట కంటె, అది నడచుచున్నందుకు మెచ్చుకొనవలయును.

గ్రాఫిక్స్ కార్డు మార్చిన తీరునా యన్నది మీ కెమెరా వ్రాత ననుసరించి యుండును. మీరు రంగు వివరమును ఎక్కువగా నిలుపు 10 బిట్, 4:2:2 రూపమున హెచ్.265లో తీయుచున్నట్లయిన, ఆ వ్రాతను ప్రత్యేకముగా విప్పగల శక్తి ఎన్‌విడియావారి సామాన్య వినియోగపు కార్డులకు 2025లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 50 వరుసతోగాని రాలేదు; అంతకు ముందువి ఎంత ఖరీదైనవైనను ఈ ఒక్క విషయమున చేతులెత్తివేయును. ఇంటెల్‌వారి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరము మొదలు వానిలోని సొంత గ్రాఫిక్స్ భాగమే ఈ పని చేసిపెట్టును. అయితే అంగడిలో ఒక తిరకాసు కలదు: పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్న ప్రాసెసర్లలో ఆ భాగము పనిచేయదు, అందువలననే అవి కొంచెము చవుక. ఆ కొంచెము మిగుల్చుకొనబోయి ఏడాదిపొడుగునా కంప్యూటరు ముందు కునుకుతీయుచు కూర్చున్న ఎడిటర్లను నేనెరుగుదును. ఆపిల్‌వారి ఎం1 మొదలైన చిప్పులకు ఈ బాధ లేదు.

ఇప్పటికిప్పుడు పైస ఖర్చులేని ఉపాయము ప్రాక్సీలు చేసికొనుట. డావిన్చీ రిజాల్వ్ ఉచిత ప్రతిలోనే ఈ సౌకర్యమున్నది: రాత్రి పరుండబోవుచు క్లిప్పులన్నిటికిని చిన్న నకళ్ళు తీయుమని చెప్పి, ఉదయమున ఆ నకళ్ళపై కోతలన్నియు ముగించి, తుది రెండరింగునాడు అసలు క్లిప్పులను తిరిగి కలుపుకొనవచ్చును. క్రొత్త కంప్యూటరు కొనునాడు మాత్రము 32 గిగాబైట్ల ర్యాము, నడుచుచున్న పనికి ఒక ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డి, ముగిసిన పనికి వేరొక పెద్ద హార్డ్‌డిస్కు, వీనికి తోడు కరెంటు పోయినను ఫైలు మూసికొను వ్యవధి నిచ్చు యు.పి.ఎస్. ఉండునట్లు చూచుకొనుడు. కెమెరాకు కంప్యూటరుకు సంబంధము కలుపువాడు రెండు జాతకములను ముందుగా ఒకచోట పెట్టి చూడవలెను. మీరు పెండ్లి చేసి పిమ్మట జాతకము పంపితిరి.

ప్రశ్న: మా మెమరీ కార్డుపై 170 అని పెద్ద అక్షరాలతో ఉంది. కెమెరా 100 మెగాబిట్లే అడుగుతోంది. అయినా రికార్డింగు మధ్యలో ఎందుకు ఆగిపోతోంది? – కరీంనగర్

జవాబు: ఆ 170 చదువు వేగము, వ్రాయు వేగము కాదు, అదియు మెగాబైట్లలో. మీ కెమెరా అడుగు 100 మెగాబిట్లు ఎనిమిదిచే భాగింపగా పన్నెండున్నర మెగాబైట్లే. ఆపాటి వ్రాత ఏ కార్డునకైనను సులభమని తోచును గాని, క్షణకాలము పరుగెత్తుట వేరు, గంటసేపు ఒకేతీరున నడచుట వేరు. కార్డుపై ఒకమూల చీమతలకాయంత గుర్తు వి30 అనియో వి60 అనియో ఉండును. ఎంత నిండినను సెకనుకు 30 లేక 60 మెగాబైట్లకు తగ్గక వ్రాయుననుటకు అదియే పూచీ. నకిలీ కార్డులపై ఈ గుర్తు కూడ అచ్చొత్తుదురు గనుక, కొన్ననాడే కార్డు నిండువరకు ఖాళీ గోడను చిత్రించి పరీక్షింపుడు. ఇది నేను పుస్తకములో చదివి చెప్పు మాట కాదు. ఒకచోట తలంబ్రాలు దోసిట నెత్తి పోయబోవు క్షణమున నా కెమెరా తెరపై కార్డు వేగము చాలదని నాలుగు మాటలు పడి బొమ్మ ఆగిపోయెను; పెండ్లివారు తలంబ్రాలు మరల పోయింతుమనిరి గాని, రెండవమారు పోసికొన్నప్పుడు వధూవరుల మొగములలో మొదటి నవ్వు లేదు.

ప్రశ్న: మా బావ డల్లాస్ నుంచి తెచ్చిన కెమెరాతో కల్యాణమండపంలో తీస్తే, బొమ్మపై నల్లని చారలు పైకీ కిందికీ కదులుతున్నాయి. కెమెరా పాడైందా? – గుంటూరు

జవాబు: పాడుకాలేదు, అమెరికా అలవాటు వదలలేదు. అచటి కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మనది 50. మన ట్యూబులైటు సెకనుకు నూరుమారులు వెలుగు తగ్గి హెచ్చుచుండ, కెమెరా 30 చిత్రములు, 1/60 షట్టరు అను తాళములో నడచినచో ఆ రెండు తాళములు కలియక చారలు పుట్టును. మెనూలో ఎన్‌టిఎస్‌సి అని యున్నదానిని పాల్‌కు మార్చి, 25 లేక 50 చిత్రములు, షట్టరు 1/50 పెట్టుడు. కొన్ని కెమెరాలు ఈ మార్పునకు ముందు కార్డును చెరిపివేయుట కనుమతి నడుగును. పాత బొమ్మలను దించుకొన్న పిమ్మటనే ఒప్పుకొనుడు. చవుక ఎల్‌ఇడి అలంకారదీపములు కొన్ని ఏ తాళమునకును లొంగవు, వానిని ఆర్పించుటయే మార్గము.

ప్రశ్న: నిమ్మలకుంట తోలుబొమ్మలాటపై డాక్యుమెంటరీ తీయాలని మా మిత్రబృందం ఆలోచన. ఆట గంటల తరబడి సాగుతుంది. వీడియో క్యామ్‌కార్డర్ కొనాలా, ఫోటో కెమెరాలాంటిది కొనాలా? – అనంతపురం

జవాబు: మీరు ఎన్నుకొన్న విషయము కెమెరాకు అగ్నిపరీక్ష వంటిది. చుట్టును చీకటి, నడుమ తెల్లని తెర, తెరవెనుక దీపము, ఆ దీపపుకాంతి రంగులద్దిన తోలుగుండ దూరి వచ్చుట: ఇట్టి దృశ్యమును ఆటోమేటిక్‌కు వదలినచో, యంత్రము చీకటిని చూచి జాలిపడి వెలుగును పెంచును, తెర సున్నము కొట్టిన గోడ యగును, రాముని నీలము, హనుమంతుని ఆకుపచ్చ పాలిపోవును. కావున ఎక్స్‌పోజరును తెరపై చూచి చేతితో నిలుపుడు. వైట్ బ్యాలెన్సును కూడ అట్లే కట్టివేయుడు. పాతరీతి బల్బు వాడినచో 3200 కెల్విన్ దగ్గర మొదలిడవచ్చును.

ఇక మీ సందేహము. క్యామ్‌కార్డరు గంటలకొలది అలుపులేక నడచును, వృత్తిపనికి చేసినదైనచో ఎక్స్ఎల్ఆర్ మైకులను నేరుగా గైకొనును. కాని దాని సెన్సారు సాధారణముగా చిన్నది, మసకవెలుతురులో బొమ్మపై ఇసుక చల్లినట్లుండును. ఫోటో కెమెరాజాతి మిర్రర్‌లెస్‌లలో సెన్సారు పెద్దది, ఎఫ్/1.8 లెన్సు తగిలించినచో ఒక్క దీపమే చాలును. కాని పాతవానిలో పెక్కు 29 నిమిషముల 59 సెకనులకు ఆగిపోవును. అరగంట దాటి తీయుదానిని ఐరోపా సుంకాధికారులు ఆ కాలమున వీడియో యంత్రముగా లెక్కించి అధికసుంకము విధించుచుండుటయే ఇందులకు కారణము, వేరే శాస్త్రరహస్యమేమియు లేదు. ఆ హద్దు లేని క్రొత్తదానిని, అందును నిరంతరము తీసినను వేడెక్కి ఆగని దానిని ఎన్నుకొనుడు. అంగడివాని ముందరనే రెండు గంటలు నడిపి చూతుమని అడుగుటకు మొగమాటపడవలదు. 4కె కంటె 10 బిట్ ముఖ్యము: 8 బిట్‌లో రంగునకు 256 మెట్లు, 10 బిట్‌లో 1024. దీపము నుండి అంచు వరకు వెలుగు జారు తెరపై మెట్లు చాలనిచో ఆ జారుడు వలయములుగా విరిగిపోవును.

మిగిలిన సొమ్ము ధ్వనిపై పెట్టుడు. ఆటలో సగము ప్రాణము తెరవెనుకనే కలదు: పాట, హార్మోనియము, తాళములు, బల్లపై కాళ్ళ చప్పుడు, హాస్యపాత్ర కేతిగాని కొంటెమాటలకు బంగారక్క ఎదురుజవాబులు. ప్రేక్షకులలో నిలిపిన కెమెరాకు ఇవన్నియు బావిలోనుండి వినవచ్చును. ఒక చిన్న రికార్డరును తెరవెనుక గాయకునికి రెండు మూరల దూరమున నిలిపి, 48 కిలోహెర్ట్‌జ్ లెక్కన వేరుగా పట్టుడు. ఆట మొదలగునపుడు కెమెరాకు కనబడునట్లు, రికార్డరుకు వినబడునట్లు ఒక్క చప్పట కొట్టినచో, ఎడిటింగునాడు ఆ చప్పట వద్ద బొమ్మయు ధ్వనియు కలిసికొనును. ఆరు గంటల ఆట 100 మెగాబిట్ల వంతున 270 గిగాబైట్లగును. మూడు ప్రతులుంచి, ఒకదానిని వేరొక ఊర దాచుడు.

ప్రశ్న: 2006లో హెచ్‌డివి టేపులపై తీసిన మా అమ్మాయి పెళ్ళి ఇప్పుడు కంప్యూటరులోకి ఎలా ఎక్కించాలి? కెమెరా ఉంది. – విశాఖపట్నం

జవాబు: టీవీకి కలిపి తిరిగి రికార్డు చేయింతుమను వారి మాట వినవలదు. టేపుపై నున్నది అంకెలే; ఫైర్‌వైర్ తీగద్వారా ఆ అంకెలను ఉన్నవున్నట్లు దించినచో వెంట్రుకవాసి నష్టముండదు. నేటి ల్యాప్‌టాపులలో ఆ పోర్టు లేదు గనుక, పాత డెస్క్‌టాపు ఒకటి సంపాదించి ఫైర్‌వైర్ కార్డు పెట్టించుకొనవలయును. హెచ్‌డివి బొమ్మ వెడల్పు 1440 బిందువులే. దానిని 1920గా సాగదీసి చూపుట ఆ పద్ధతి స్వభావము, మొగములు కోలగా కనబడినచో ఫైలు చెడినదని బెంగపడక సాఫ్ట్‌వేరులో ఆ కొలత సరిచేయుడు. మీది సముద్రతీరము, టేపులకు బూజు పట్టియుండవచ్చును. పెట్టెను వెలుతురులో పట్టి తెల్లని మచ్చలున్నవేమో చూచి, మచ్చలేనివానిలో పెండ్లి కాని ఏదేని పనికిమాలిన టేపును మొదట కెమెరాలో పెట్టి, అది చిక్కుపడక చివరిదాక తిరిగిన పిమ్మటనే ముహూర్తపు టేపును పైకి తీయుడు.