ఫోనులో బ్యాంకు – వివేక సుగుణం

ఊరి బ్యాంకు ఖాతా మూసి, ఫోనులోనే నడిచే బ్యాంకుకు మారవచ్చునా అని కొన్ని కుటుంబాలవారు అడుగుతున్నారు. మారటం పాపం కాదు, మారకపోవటం పుణ్యమూ కాదు. ఇక్కడ కావలసినది వివేకం. తక్కిన సుగుణాలకు దారి చూపేది ఇదేనని పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు కూడ నేర్పారు (లూకా 14:28). కనుక మూడు సంగతులు విచారించండి.

మొదటిది: ఆ యాప్ వెనుక రిజర్వు బ్యాంకు లైసెన్సు గల బ్యాంకు ఉన్నదా? అట్టి బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్లకు, 2020 నుండి, వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది.

రెండవది: పింఛను, రుణ వాయిదాలు కొత్త ఖాతాకు మారిన పిదపనే పాతది మూయాలి.

మూడవది ముఖ్యమైనది: చదువురాని తల్లి బ్యాంకుకు వెళ్లి, వేలిముద్ర వేసి, తన పింఛను తానే తెచ్చుకుంటుంది. ఖాతా కుమారుని ఫోనులోకి వెళితే, తన సొమ్ముకే ఆమె చేయి చాచవలసి వస్తుంది. తల్లిదండ్రులను గౌరవించుమనే నాలుగవ ఆజ్ఞ, దొంగిలరాదనే ఏడవ ఆజ్ఞ ఇక్కడ కలుస్తాయి. పెద్దల మనఃపూర్వక సమ్మతి లేనిదే వారి ఖాతా మార్చవద్దు. మార్చినచో, నెలనెలా వారి లెక్క వారికి చదివి వినిపించండి.