ఆ తల్లికి ముందు చెప్పాల్సిన మాట

మైలవరం

లావణ్యా,

లుకేమియా (రక్త క్యాన్సర్) పాఠంలో రన్‌ఎక్స్1 గురించి చదివి, "ఈ జన్యువు అసలు లేకపోతేనే మంచిదేమో" అని రాశావు. కాదమ్మా. 1996లో ఈ జన్యువును తీసేసి చూస్తే ఎలుక పిండాలు పుట్టకముందే చనిపోయాయి. వాటిలో రక్తం తయారీయే సరిగా మొదలుకాలేదు. 21వ క్రోమోజోమ్‌ మీదుండే ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్ మేస్త్రీలాంటిది. డీఎన్‌ఏను పట్టుకుని, రక్తకణాలకు కావాల్సిన జన్యువులను పనిలోకి దింపుతుంది.

చిక్కు ఎప్పుడంటే, 12వ, 21వ క్రోమోజోములు తెగి ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కున్నప్పుడు. అప్పుడు ఈటీవీ6-రన్‌ఎక్స్1 అనే కలగలుపు జన్యువు పుడుతుంది. పనిచేయించాల్సిన జన్యువులనే అది ఆపేస్తుంది. మామూలు క్రోమోజోమ్ పరీక్షలో ఈ అతుకు కనిపించదు. ఫిష్ పరీక్షలో ఒక జన్యువుకు ఎరుపు, రెండోదానికి ఆకుపచ్చ రంగు వేస్తారు. విడివిడిగా ఉండాల్సిన ఆ చుక్కలు ఒకటై పసుపుగా మెరిస్తే అతుకు ఉన్నట్టే. పిల్లల్లో ఈ అతుకున్న లుకేమియా చికిత్సకు బాగా లొంగుతుంది. అందుకే ఆ పరీక్ష ముఖ్యం.

ఈ అతుకు చాలాసార్లు కడుపులో ఉండగానే పడుతుంది. అయినా అది పడిన పిల్లల్లో చాలా కొద్దిమందికే జబ్బు వస్తుంది. తర్వాత మరికొన్ని మార్పులు తోడైతేనే లుకేమియా. ఈ అతుకు తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. రన్‌ఎక్స్1లో వారసత్వంగా వచ్చే దోషం వేరే ఉంది, చాలా అరుదు. ఆ కుటుంబాల్లో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి. కాబట్టి ఇంట్లోవాళ్ల ఆరోగ్యం గురించి అడగడం మాత్రం మానకు.

ఇక ఈ జబ్బుకు మందు సంగతి వచ్చినప్పుడు, భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకో. అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. రన్‌ఎక్స్1 దొరికింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 1991లో. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ ఈ పిల్లలకు వాడుతున్నారు.

మన ఊళ్లలో బిడ్డకు ఏ జబ్బొచ్చినా తల్లిని అంటారు. గ్రహణం చూసిందంటారు, తినకూడనిది తిన్నదంటారు. రేపు నువ్వు డాక్టరువై రిపోర్టు పట్టుకుని అలాంటి తల్లి ముందు నిలబడినప్పుడు, మందుల సంగతి ఎత్తకముందే, "ఇందులో నీ తప్పేమీ లేదమ్మా" అని చెప్పు. ఎందుకు లేదో విడమరిచి చెప్పేంత బాగా ఈ పాఠం చదువుకో.

ఇట్లు,
నీ తాతయ్య