కుమార శబ్దము – ఓగ్లు

టర్కీ దేశీయుల పేర్లు చదువునపుడు తుదియందు ‘ఓగ్లు’ అను మాట తఱచుగా కనబడును. ఆ దేశభాషలో ‘ఓగుల్’ అనగా కుమారుడు. దానికి ‘అతని’ యను నర్థమిచ్చు ప్రత్యయము చేరి, నడిమి యచ్చు లోపించి, ‘ఓగ్లు’ అయినది. వ్రాతలో గకారమున్నను ఇస్తాంబూలు వారి నోట అది వినబడదు. ‘ఓలు’ అనియే పలుకుదురు.

మాట క్రొత్తది కాదు. మంగోలియాలోని ఓర్ఖోన్ నదీ ప్రాంతమున, క్రీ.శ. 732లో కుల్ తెగిన్ అను రాకుమారుని స్మృతికై నిలిపిన శిలాశాసనమునందు మానవులను ‘మనిషి కొడుకులు’ అని చెప్పుటకు ఈ శబ్దమే వాడబడినది.

ఇంటిపేర్లలో వృత్తులను తెలుపునవి మిక్కిలి సొగసైనవి. ‘తెర్జియోగ్లు’ అను పేరిలోని ‘తెర్జి’ పారసీక పదమగు ‘దర్జీ’యే, మన యూళ్ళలో బట్టలు కుట్టువానికిని అదే పేరు. ‘కలాయ్’ అనగా తగరము. మనవారు ఇత్తడి గిన్నెలకు పూయించు కళాయి ఇదియే. కావున ‘కలాయ్‌జియోగ్లు’ అనగా కళాయి పూయువాని కొడుకు. ‘హెకీమోగ్లు’ ఎవరి కొడుకో హకీము నెఱిగినవారికి చెప్పనక్కఱలేదు.

గాథలలో ప్రసిద్ధుడు కొరోగ్లు. బోలు ప్రాంతపు ప్రభువు మేలుజాతి గుఱ్ఱమును తెమ్మనగా, అశ్వపాలకుడు బక్కచిక్కిన పిల్ల నొకదానిని తెచ్చెను. దాని సత్తువ వాడెఱుగును, ప్రభువెఱుగడు. అవమానమని తలచి వాని కన్నులు తీయించెను. కొడుకు ఆ పిల్లనే పెంచి, పెద్దదైన పిదప దానినెక్కి, కొండలలో చేరి ప్రభువుపై తిరుగబడెను. లోకము వాని సొంత పేరును విడిచి, ‘గ్రుడ్డివాని కొడుకు’ అనియే పిలిచినది. తురుక్మెనుల నోట ఈ పేరు ‘గోరోగ్లి’. ‘గోర్’ అనగా సమాధి. మన ‘గోరీ’కి చుట్టము. అందుచే వారి కథలో నాయకుడు చనిపోయిన తల్లికి గోరీలో పుట్టిన బిడ్డ. ఒక్క యక్షరము మాఱగా కథయే మాఱినది!

1934 వఱకు టర్కీ ముస్లిములలో పెక్కుమందికి స్థిరమైన యింటిపేరు లేదు. ఒక యూర పదుగురు అహ్మదులున్న, తండ్రి పేరో వృత్తియో చేర్చి గుర్తించెడివారు. పన్నుల పట్టికలలోను సైన్యపు పట్టికలలోను ఇది పెద్ద చిక్కు. ఆ యేడు జూన్ 21న శాసనసభ ఇంటిపేర్ల చట్టము చేసి రెండేండ్ల గడువిచ్చెను. గడువులో ఎన్నుకొనని వారికి అధికారులే పేరు పెట్టవచ్చును. నవంబరులో సభ ముస్తఫా కెమాలునకు ‘అతాతుర్క్’, అనగా తుర్కుల తండ్రి, అను పేరొసగినది. అయితే నిబంధనలు ‘ఓగ్లు’ను ఆదరించి, అట్టి యర్థమే గల పారసీకుల ‘జాదె’ను, గ్రీకుల ‘పులోస్’ను, ఆర్మీనియనుల ‘యాన్’ను చేర్చుకొనరాదనెను. అర్థమొకటే యైనను, భాష వేఱగుట దోషమైనది. తరతరములుగా ‘జాదె’ అని చెప్పుకొన్న కుటుంబములు కొన్ని ‘ఓగ్లు’కు మాఱవలసి వచ్చెను.

ఒక వింత మిగిలియున్నది. టర్కీలో ఇంటిపేరైనందున కూతురును తెర్జియోగ్లు, అనగా దర్జీ కొడుకే! అజర్‌బైజానులో నట్లు కాదు. అచ్చట తండ్రి పేరునకు పిదప కుమారునకు ‘ఓగ్లు’, కుమార్తెకు ‘గిజి’ చేర్తురు. ఆ దేశాధ్యక్షుని పూర్తి పేరు ఇల్హాం హైదర్ ఓగ్లు అలియేవ్. అందు ‘ఓగ్లు’ తుర్కుల సొమ్ము, తుదినున్న ‘యేవ్’ రష్యనుల పాలనలో వచ్చి నిలిచిన ప్రత్యయము.