పిల్లలు ఆడుకొను వీధి

చదువవలసిన భాగములు: జెకర్యా 8:4, 5, ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:33, 34



బబులోను చెరనుండి తిరిగివచ్చిన యూదులకు యెరూషలేములో కనబడినవి కూలిన గోడలు, పాడుపడిన వీధులు. ఆ దినములలో దేవుడు జెకర్యా ప్రవక్త ద్వారా రాబోవు క్షేమమును గూర్చి తెలియజేయుచు రెండు సంగతులు చూపించెను. ముసలివారు చేతికఱ్ఱలతో వీధులలో కూర్చుండుట మొదటిది. మగపిల్లలును ఆడపిల్లలును ఆ వీధులలోనే ఆడుకొనుట రెండవది. బిడ్డలు భయము లేక ఆడుకొనగల ఊరే దేవుని దృష్టికి బాగుపడిన ఊరు. ఆటను పనికిమాలిన సంగతిగా ఎంచు తలిదండ్రులు ఈ వచనములను మరల చదువవలెనని కోరుచున్నాము.

మన పల్లెలలో పిల్లలకు వేరుగా ఆటస్థలములు అరుదు. చింతచెట్టు నీడ, కళ్లము, చెరువుగట్టు, గుడి ఆవరణ, ఇవే వారి ఆటస్థలములు. కాబట్టి వాటిని కాపాడు పని పెద్దలదే.

మోషే ధర్మశాస్త్రములో దీనికి తగిన ఆజ్ఞ యున్నది. ఆ దేశమందు ఇండ్లకప్పులు చదునుగా నుండెను. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె ఆరవేసెను. పేతురు మిద్దెమీద ప్రార్థన చేసెను. అట్టి యిల్లు కట్టువాడు పైన పిట్టగోడ కట్టితీరవలెను. లేనియెడల ఎవరైనను పడిన దోషము ఆ యింటిమీదికి వచ్చును. గమనించుడి: ఒకడు పడిన తరువాత కట్టుమని కాదు, ఇల్లు కట్టునప్పుడే కట్టుమని ఆజ్ఞ.

నిర్గమకాండములోని విధి ఇంకను తేటగా నున్నది. ఒకడు గొయ్యి త్రవ్వి మూయక విడిచినందున అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినయెడల, గోతి యజమానుడే నష్టము చెల్లించవలెను. ఆ సమయమున ఎద్దును ఎవరు కాయుచుండిరి అని ధర్మశాస్త్రము అడుగలేదు. గొయ్యి ఎవరిది అనియే అడిగినది. మనమైతే తారుమారుగా అడుగుచున్నాము. బిడ్డ నీళ్లలో పడగానే, "తల్లి ఎక్కడ చచ్చినది?" అని వీధియంతయు నిందించును. ఆ తల్లి కలుపుతీతకు పోయి యుండవచ్చును. గొయ్యి త్రవ్వినవాని పేరు ఎవరును ఎత్తరు.

మరియొక మాట కఠినముగా తోచినను చెప్పక తప్పదు. అట్టి మరణమునొద్ద "ఇది దేవుని చిత్తము" అని ఓదార్చుట మనలో వాడుక. దుఃఖించువారికి దేవుని చేయి ఆధారమే. ఇందులో సందేహము లేదు. అయితే మూయవలెనని దేవుడే ఆజ్ఞాపించిన గోతిని మనము మూయక విడిచి, తరువాత దానిని ఆయన చిత్తమనుట న్యాయమా?

మన కాలపు గోతులలో బోరుగుంట మిక్కిలి భయంకరమైనది. పెద్దవాని కాలు ఇరుక్కొనునంత సందులో పసిబిడ్డ నిలువునా జారిపోవును. 2020 మే నెలలో మెదక్ జిల్లాలో నీరు పడని బోరులో మూడేండ్ల బాలుడు పడి చనిపోయెను. దానిని త్రవ్వినది ఆ దినమే. కాబట్టి "రేపు మూయుదము" అను మాట పనికిరాదు. సుప్రీంకోర్టు 2010లో ఈ విషయమై ఉత్తరువులిచ్చెను. బోరు త్రవ్వుచున్నప్పుడు చుట్టును ముళ్లతీగ కంచె వేయవలెను. కేసింగు గొట్టమునకు ఇనుపరేకు వెల్డింగు చేయించవలెను, లేదా గట్టి మూత బోల్టులతో బిగించవలెను. విడిచిపెట్టిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో నేలమట్టము వరకు పూడ్చవలెను. గోనెసంచి కప్పి పైన రాయి పెట్టుట మూత కానేరదు.

చెరువులో మట్టి త్రవ్విన చోట్ల వానాకాలమందు నీరు నిండి, లోతు తెలియదు. నిన్న మోకాలిలోతున ఆడుకొనిన పిల్లవాడు నేడు రెండడుగులు ప్రక్కకు వేసి మునిగిపోవును. అట్టి చోట వెదురుగడలు పాతి ఎఱ్ఱగుడ్డలు కట్టుడి. ఒకడు మునుగుచుండగా ఈతరాని తోటిపిల్లలు దూకరాదని, గడగాని పంచెగాని చీరకొంగుగాని అందించి పెద్దలను కేకవేయవలెనని నేర్పుడి. పైకి తీసిన బిడ్డను తలక్రిందులుగా త్రిప్పుట, కడుపు నొక్కి నీళ్లు కక్కించుట మేలుకాదు. ప్రాణము నిలుపు నిమిషములు అందులో పోవును. వెల్లకిల పరుండబెట్టి, గడ్డమెత్తి, ఊపిరి లేనియెడల ముక్కు మూసి నోటిలో ఊపిరి ఊదవలెను. రొమ్ము నడుమ నొక్కవలెను. ఒకరు ఈ పని చేయుచుండగా మరియొకరు 108కు ఫోను చేయవలెను. ఈ పద్ధతిని ఆరోగ్యకేంద్రపు నర్సమ్మగారి యొద్ద కన్నులార చూచి నేర్చుకొనుడి. చదివినంత మాత్రమున చేతికి రాదు.

ట్రాక్టరు వెనుకకు నడుపు కళ్లములో పిల్లలను ఆడనియ్యకుడి. ఊయల కట్టు కొమ్మకు ముందుగా పెద్దవాడొకడు వ్రేలాడి చూడవలెను.

జెకర్యా చూపిన వీధిలో ముసలివారును పిల్లలును ఒక్కచోటనే యున్నారు. పొలమునకు పోలేని మన తాతలు, అవ్వలు అరుగుమీద ఊరక కూర్చుండనేల? సాయంకాలము ఒక గంట పిల్లలున్న వైపు తిరిగి కూర్చున్న చాలును.

మే నెల సెలవుల బైబిలు పాఠశాలకు ముందు వచ్చు శనివారమున సంఘపెద్దలు, స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు కలిసి పేటయంతయు నడిచి, మూతలేని బావులను, బోరులను, గోతులను వ్రాసికొనుడి. మొదట గుడి ఆవరణలోని బావిని చూడుడి. యజమానుడు మన సంఘస్థుడైనను కాకపోయినను, ఇంటికి పోయి మర్యాదగా అడుగుడి. అతడు పేదవాడై మూతకు సొమ్ములేనియెడల, ఆ నెల ప్రత్యేక కానుకలో నుండి ఇనుపరేకు కొని ఇయ్యవచ్చును.