ల్యాప్‌టాప్ కంప్యూటరును గృహమున శుభ్రపఱచు విధము

విద్యార్థులారా! ల్యాప్‌టాప్ కంప్యూటరునకు ప్రధానశత్రువులు మూడు: దుమ్ము, వేడిమి, తడి. ఇందు మొదటిదే తఱచుగా రెండవదానికి కారణమగుచుండును.

అది యెట్లన, ప్రాసెసరు పనిచేయునప్పుడు వేడిని పుట్టించును. ఆ వేడిని రాగిగొట్టము గ్రహించి పలుచని లోహపుఱెక్కల వఱకు కొనిపోవును. చిన్న ఫ్యాను ఆ ఱెక్కల నడుమ గాలిని పోనిచ్చి వేడిని వెలుపలికి పంపును. కాలక్రమమున దుమ్ము అచ్చట దుప్పటివలె పేరుకొని గాలిని అడ్డగించును. అంతట ఫ్యాను పెద్దధ్వని చేయును. ప్రాసెసరు తన్ను గాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. వేడిమి మితిమీరినచో పెక్కు యంత్రములు తమంతట తామే ఆగిపోవును. యంత్రము చెడినదని తలంచి కొందఱు క్రొత్తదానిని కొందురు. చెడినది యంత్రము కాదు, దానికి ఊపిరి యాడకున్నది.

గడచిన వేసవిలో నేను ప్రశ్నపత్రము వ్రాయుచుండగా నా యంత్రము ముమ్మాఱు ఆగిపోయెను. విప్పి దుమ్మును తీసితిని గాని, మరలనన్నిటిని ఒకే గిన్నెలో కలిపివైచితిని. పొట్టిమర యుండవలసినచోట పొడుగుమరను బిగింపగా పైపలకమీద బుడిపె లేచెను. ఆ బుడిపె నేటికిని నాకు గురువై యున్నది. కావున ఈ క్రమమును పాటింపుడు.

1. పెద్దల యనుమతి గైకొనుడు. వారంటీ గడువున్నచో విప్పకుడు. మీ వ్రాతలకు ప్రతిని వేఱొకచోట భద్రపఱచుడు.

2. యంత్రమును పూర్తిగా ఆర్పి, చార్జరును తీసి, చల్లాఱనిండు.

3. కాగితముపై అడుగుభాగపు పటమును గీచి, ఏ మరను ఆ స్థానముననే గ్రుచ్చియుంచుడు.

4. భూమితో సంబంధముగల లోహమును ముందుగా తాకుడు. దేహమందలి స్థిరవిద్యుత్తు మనకు తెలియవలెనన్న ఇంచుమించు 3,000 వోల్టులుండవలెను. కాని 100 వోల్టులే కొన్ని సూక్ష్మభాగములను చెఱుపగలవు. పిదప బ్యాటరీ తీగను మెల్లగా ఊడదీయుడు.

5. ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టి, మెత్తని కుంచెతోను, రబ్బరు గాలిబుడ్డతోను దుమ్మును తొలగింపుడు. నోటితో ఊదరాదు; తుంపురులు లోపల పడును.

6. తెరను మెత్తని గుడ్డతో తుడువుడు. అమోనియా గల ద్రవములను వాడరాదు. ద్రవమును గుడ్డపైననే చిలుకరింపవలెను గాని తెరపై కాదు.

నీరొలికినచో తక్షణమే ఆర్పి, చార్జరును తీసి, బోర్లించి, నేర్పఱియొద్దకు కొనిపొండు. బియ్యములో పాతిపెట్టుట నిష్ఫలము. బియ్యపుపొడియు లోపల చేరును.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. బ్యాటరీ ఉబ్బియున్నచో దానిని గ్రుచ్చకుడు, నొక్కకుడు, చార్జిచేయకుడు, చెత్తకుండీలో వేయకుడు. లిథియం బ్యాటరీ చినిగినచో క్షణములో నిప్పంటుకొనవచ్చును. ఆ పనిని నేర్పఱికే విడువవలెను.

తెలిసినంతవఱకు చేయుటయు, తెలియనిచోట చేయి నిలుపుటయు, ఈ రెండును మంచి పనివాని లక్షణములు. యంత్రము పోయిన మఱల కొనవచ్చును. చేయియు కన్నును కొనరావు.